మరికొందరు

గట్టిగా అరిచినంత మాత్రాన అర్జీకి బలం రాదు సుబ్బక్కా. కూచో ముందు. ఆ బెంచీ కొసకు కూచోవాకు, కాలు ఊగుతాది, ఈ పక్కకు జరుగు. పొద్దున్నించి నాకు తలకాయ పగిలిపోతాంది. కరెంటు పోతే చాలు, ఈ జిరాక్స్ షాపాయప్ప జనరేటర్ ఏస్తాడు, నా చెవిలో పెట్టినట్టే మోగుతాది. వాన రాదు, ఎండ పోదు. ఈ రేకుల కింద, ఈ కుర్చీలో, ముప్పై ఎనిమిదేండ్లాయ నేను అర్జీలు రాయబట్టి. ఆళ్లగడ్డలో ఎవరినడిగినా అర్జీ అంటే గురుస్వామి కాడికి పో అంటారు. ఏం సుఖం? ఎవని మీద కోపమున్నా వచ్చి నా బల్ల మీదనే కొడతారు.

ఏందీ? వింటాండా అక్కా, చెవుడు రాలే ఇంకా. మహేష్. తండ్రి శ్రీనివాసులు. మీ గోడకు గోడ పక్కిల్లు. వాడే మీ ప్రేమ్ సాగర్ పేరు స్టేషన్లో చెప్పినాడని రాయల్ల. అంతే గదా? మూడుసార్లు చెప్పినావు. నాకు ఒక్కసారి చెప్తే చాలు. పేర్లు నేను మరచిపోను, అదే నా రోగం.

రాయనని అన్నానా? రాస్తాలే. నీళ్లు తాగు. ఆ బాటిల్లోవి తాగు, పొద్దున పట్టినవే.

రేపు పదకొండుకు గదా వాయిదా, నంద్యాల కోర్టులో? తెలుసు. నీ కొడుకు లోపలికి పోయి మూడు నెలలు దాటె. బెయిలు రెండుసార్లు కొట్టేసినారు. ఈసారి కూడా కొట్టేస్తే ఇంక హైకోర్టే, ఆ మోకాళ్లతో నువ్వేం తిరుగుతావు అంత దూరం. స్కూలోళ్లు వాని జాగాలో ఇంకో లెక్కల సారును పెట్టుకున్నారంట. అన్నీ తెలుసు నాకు. ఒకే సందులో ఉండి తెలీకుండా యాటికి పోతాది?

వకీలు అనితమ్మ చెప్పిందా ఈ ఉపాయం? ఆఁ. తప్పు చెప్పలే ఆయమ్మ. మొదటి అర్జీలో నీ కొడుకు పేరు లేనే లేదు, తర్వాత ఎవరో చేర్పించినారు. ఎవరు చేర్పించినారు, ఎందుకు చేర్పించినారు, అది చూపించల్ల. పాత కక్షతో ఇరికించినారని ఒక కాగితం ముందర పెడితే జడ్జి రోంత ఆలోచన చేస్తాడు. నిజమే. కోర్టుకు కక్ష కావల్ల. కక్షకు ఒక మనిషి కావల్ల. మీకు దొరికినోడు మహేష్.

నువ్వు చూసినావా, వాడు చెప్తాంటే?

లేదు. పోనీ, చూసినామని ఎవరన్నా చెప్పినారా? అదీ లేదు. మోరీ మురుగునీళ్లు మీ వాకిట్లోకి వస్తాండాయని పోయినేడు కొట్లాడుకున్నారు. వాడు మీ గోడ పడగొడతా అన్నాడు, మీవాడు వాని చొక్కా పట్టుకున్నాడు. సందంతా వచ్చి విడిపిస్తిమి. అంతే గదా? మోరీ నీళ్లకు మనిషిని జైలుకు పంపుతారా ఎవరన్నా?

మనసు చెప్తాంది అంటాండావు. మనసు చెప్పేది అర్జీలో ఎట్ల రాసేది అక్కా?

అబ్బో! ఎవరు అంటాండారు చూడు ఈ మాట అంటాండావా? నవ్వు, నవ్వు. నవ్వాల్సిందే. ముప్పై ఎనిమిదేండ్లు ఇంకోటి రాసినానా నేను?

నువ్వు చూడని కాలమా అది. ఒక మనిషి చస్తే పదకొండు మంది పేర్లు. నరికింది ఇద్దరని ఊరంతా తెలుసు, అయినా పదకొండు. ముందర అవతలి పార్టీ పెద్ద పేరు. తర్వాత ఆయప్ప తమ్ముండ్లు. తర్వాత డిగ్రీ చదివే కొడుకు, వానికి గవర్నమెంటు ఉద్యోగం రాకుండా. తర్వాత ట్రాక్టర్ ఉండేటోడు, సేద్యం పడిపోవల్ల గదా. ఇంట్లో పండుకున్నోడు, పెండ్లికి పొయినోడు, అందరూ వేటకొడవండ్లు పట్టుకోని వచ్చినట్టే రాస్తాంటి. అందరి పేర్లూ అయినంక, కింద ఒక మాట. "మరియు మరికొందరు."

ఆ మాట నా చేతికి అంటుకోని పోయింది. ఆలోచన చేసేది ఏమీ ఉండదు, పెన్ను పోతాంటాది. వాకిలి రోంత తెరిచి పెట్టినట్టు అది. రేపు ఎవరు గుర్తొస్తే వాన్ని అందులోకి తోసేయొచ్చు. ఇద్దరు ముగ్గురు వకీళ్లు కూడా మెచ్చుకున్నారు నన్ను. గురుస్వామి రాస్తే కేసు ఊపిరాడతాది అనేటోళ్లు. నాకు అప్పుడు చానా గొప్పగా ఉండె.

ఒక్క మనిషి. ఈ ముప్పై ఎనిమిదేండ్లలో ఒకే ఒక్క మనిషి నేను రాసుకొచ్చిన పేర్లు వద్దనింది. నువ్వే అక్కా.

మరచిపోయినావా? నేను మరచిపోలే. శిరివెళ్ల దావలో జీపు మీద బాంబులేసినారు. చంపల్లనుకుంది ముందర సీట్లో కూచున్న పెద్దాయనను. ఆయప్పకు చెయ్యి కాలింది. చచ్చింది జీపు తోలే దావీదు. నీ మొగుడు. పెద్దాయన మనుషులు తొమ్మిది పేర్లు ఇచ్చినారు నాకు. నాకు అప్పటికి ముప్పై నిండలే. చక్కగా, దిద్దినట్టు రాసుకోని మీ వాకిట్లోకి వస్తి. ప్రేమ్ సాగర్ మూడేండ్లోడు, నీ కొంగు నోట్లో పెట్టుకోని ఉండాడు. నువ్వు అంతా చదివించుకుంటివి. చదివించుకోని ఏమంటివి?

నేను ఆడ లేను, చూడనోళ్ల పేర్లు నేనెట్ల చెప్పేది అంటివి.

అంతే. పెద్దాయన మనుషులు బెదిరిచ్చిరి, బతిమాలిరి. నువ్వు ఏలిముద్ర ఏయనే లేదు. ఆయప్ప ఇంటి నుంచి వచ్చే బియ్యం ఆ నెల్లోనే నిలిచిపాయ. ఎవరూ పలకరించకపాయ. దొర్నిపాడు చేన్లల్లో పత్తి ఏరి, మిరపకాయలు కోసి, ఏంజెల్‌కు పెండ్లి చేస్తివి, వాన్ని బీఈడీ దాకా చదివిస్తివి. నేను చానాసార్లు అనుకుంటి, ఈయమ్మకు తిక్కా ఏమన్నా అని. నీ ముందర అనలే గానీ అనుకుంటి.

ఆ ప్రార్థన కూడా నువ్వు మొదలు పెట్టిందే గదా? మీ చర్చి సంఘంలో నెలకు ఒక ఆదివారం, శత్రువుల ప్రార్థన. మొగుణ్ణి పోగొట్టుకున్నదీ, మొగుడు ఆ కేసులోనే జైలుకు పొయినదీ ఒకే చాప మీద కూచునేటోళ్లంట. ఎవరి పేరూ ఎత్తకూడదంట. "మా శత్రువులు" అనాల, అంతే. ఎందుకంటే పక్కన కూచున్నది ఆ శత్రువు తల్లో పెండ్లామో అయి ఉంటాది. నాకు మీ సంఘంలో ఉండే భారతమ్మ చెప్పింది ఇదంతా, ఆయమ్మ కొడుకు మీద కూడా రెండు కేసులు నేనే రాసినా గదా. మేము కాగితం మీద పేర్లు ఎక్కించేటోళ్లం, మీరు దేవుని కాడ కూడా పేరు చెప్పనోళ్లు.

ఇప్పుడు ఆ ప్రార్థన నిలిపేసినారంట గదా? పాస్టరు ఫ్రాన్సిస్ అయ్యగారు ఇదే కేసులో బెయిలు మీద వచ్చినాక ఇంక వద్దన్నాడంట. పాపం, డెబ్బై దాటిన ముసలాయన, భయపడినాడు. భయపడకుండా ఎట్లుంటాడు?

ఉండు, రాస్తాలే. తొందర చేయాకు. నీ నంద్యాల బస్సుకు ఇంకా గంటుండాది, కాగితం సాయంత్రానికి అనితమ్మ చేతికిస్తే చాలు. ఒక మాట చెప్పల్ల నీకు. చెప్పినాక రాస్తా.

పోయిన ఎండాకాలం యుద్ధం జరిగింది చూడు, నాలుగు దినాలు. ఆ నాలుగు దినాలు నేనెట్లుంటినో నీకు తెలీదు. పొద్దున టీవీ పెడితే రాత్రి పండుకునే దాకా కట్టేసేది లేదు. ఒక ఛానెల్లో సైరన్, ఇంకో ఛానెల్లో మ్యాపు, ఎర్ర బాణాలు. నా కూతురు హిమజ, నాయనా అన్నం తిను అంటే, గమ్మునుండు, ఆడ యుద్ధం జరుగుతాంటే అన్నమేంది అని కసిరితి. నేనేదో బార్డర్లో కాపలా ఉన్నట్టు.

సంతోషంగా ఉండె అక్కా. నీకాడ దాచేదేముంది, చానా సంతోషంగా ఉండె. ఎందుకో తెలుసునా? ఈ టీ బంకు కాడ చూడు, ఆ పొడుగు బెంచీ. దాని మీద ఒకని పక్కన ఒకడు కూచోనోళ్లు, ముప్పై ఏండ్లు ఒకరి మీద ఒకరు నా చేతనే అర్జీలు రాయించుకున్నోళ్లు, ఆ నాలుగు దినాలు ఒకే బెంచీ మీద కూచోని ఒకే ఫోన్లో వార్తలు చూసినారు. ఒకడు చెప్తే ఇంకొకడు చప్పట్లు కొట్టినాడు. టీకి దుడ్లు నేనిస్తా అంటే నేనిస్తా అని కొట్లాడినారు. నా కండ్లల్లో నీళ్లు తిరిగె. అబ్బా, మనమంతా ఒకటైతిమి అనుకుంటి.

ఎట్ల ఒకటైతిమో అప్పుడు ఆలోచన చేయలే. దూరంగా ఒక శత్రువు దొరికినాడు, అంతే.

రెండో దినం సాయంత్రం ప్రేమ్ సాగర్ మా ఇంటికొచ్చినాడు. ఎదురుగా మీ అరుగు మీద వాడు సప్లిమెంటరీ పిల్లోళ్లకు లెక్కలు చెప్తాన్నాడు గదా. మామా, రోంత సౌండు తగ్గించు, పిల్లోళ్లకు ఏమీ వినపడలే అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు తిక్క రేగింది. దేశమంతా యుద్ధంలో ఉంటే నీకు లెక్కలేందిరా, నీకు రోషం లేదా అంటి.

నవ్వినాడు. వాని నవ్వు దావీదు నవ్వే గదా, పెదవి ఒక పక్కకు పోతాది. ఏమన్నాడో తెలుసునా?

యాడ బాంబు పడినా చచ్చేది జీపు తోలేటోడే మామా అన్నాడు.

అని పాయ. ఇంకేమీ అనలే. పోతా పోతా వాకిట్లో నా చెప్పులు తిరగబడి ఉంటే సరిచేసి మరీ పోయినాడు. అయినా నాకు ఆ మాట గుచ్చుకుండె. హిమజ వినింది, టీవీలో మాట్లాడేటోళ్లంతా విన్నట్టే అనిపించె నాకు. వీడు మనోడు కాదు అనుకుంటి. మా సందులో పుట్టినోణ్ణి, నేను ఎత్తుకోని తిప్పినోణ్ణి. ఒక్క మాటకు మనోడు కాకుండా పాయ.

యుద్ధం ఆగిపాయ. ఆగిపోయినాక చూడు, బెంచీ మీద మళ్లా ఎవని కొస వానిదే. ఏదో పోగొట్టుకున్నట్టు కూచున్నారు అందరూ. అప్పుడు వచ్చె ఆ వీడియో.

మీ సంఘంలో తీసిందే. ఎవరు తీసినారో దేవునికి తెలుసు. అయ్యగారు కండ్లు మూసుకోని, మా శత్రువుల మీద దయ చూపించు ప్రభువా, వాండ్ల బిడ్డలను కాపాడు అంటాండాడు. ఎనకాల ఆడోళ్లు ఏడుస్తాండారు. అరనిమిషం కూడా లేదు. ఆ ఆదివారం మీకు నెలకోసారి వచ్చే ప్రార్థన ఆదివారం, యుద్ధానికీ దానికీ ఏమీ సంబంధం లేదు. కానీ ఆ పొద్దు ఈ దేశంలో శత్రువు అంటే వేరే ఎవరు గుర్తొస్తారు?

నలుగురు పిలగాండ్లు బండ్ల మీద వచ్చిరి నా కాడికి. ఏ పార్టీ అని అడగాకు, మెడలో కండువా రంగు మారుతాంటాది, మెడలు అవే. పాకిస్తాన్ కోసం ప్రార్థన చేసినారు, అర్జీ రాయి అనిరి. నేను వీడియో రెండుసార్లు చూస్తి. ఇందులో ఏ దేశం పేరూ లేదు గదప్పా అంటి. యుద్ధమప్పుడు శత్రువు ఎవరో వేరే చెప్పల్లా అనిరి.

నాకు తెలుసక్కా. ఈ ఆళ్లగడ్డలో ఆ ప్రార్థన ఎవరి కోసమో, ఎప్పుడు మొదలాయనో, ఎవరు మొదలు పెట్టిరో నాకు తెలిసినంత మీ సంఘం బయట ఇంకెవరికీ తెలీదు. ఒక్క మాట చెప్పింటే సరిపోతాండె. ఇది మన ఊరి గొడవలప్పటి ప్రార్థనరా నాయనలారా, ఆ శత్రువులు మీ తాతలే, మీ నాయనలే అని. మీ కోసమే ఏడుస్తాండారురా ఆ ఆడోళ్లు అని.

చెప్పలే. పేరు లేని శత్రువు అర్జీలో నిలబడడు. దేశం పేరు నేనే రాస్తి.

అట్ల చూడాకు. నా చేతిరాత నీకు తెలీదా? ఆ కాగితం కాపీ నీ సంచిలోనే ఉండాది గదా, అనితమ్మ ఇచ్చింది. చూసినా నువ్వు నన్ను ఏమీ అనలే. రాసేటోని తప్పేముంది, చెప్పినోళ్లది గానీ తప్పు అనుకునింటావు. అందరూ అట్లే అనుకుంటారు, అందుకే నా బతుకు ఇన్నేండ్లు సాగె.

అయ్యగారి పేరు, ఇద్దరు సంఘపెద్దల పేర్లు. మూడే చెప్పినారు పిలగాండ్లు. మూడూ రాస్తి. రాసి, కింద నా మాట నేను ఏస్తి. మరియు మరికొందరు. ఎవరూ ఏయమనలే. చెయ్యి తనంతట అదే పాయ.

ఆ వాకిట్లో నుంచే నీ కొడుకును లోపలికి తోసినారు. అవును.

ఎవరు తోసినారు అంటాండావా? మహేష్ అంటాండావు నువ్వు. కాదక్కా. వాడు కాదు. ఆ వారమంతా వాడు దొర్నిపాడులో వాండ్ల మామ చేన్లో బోరు ఏయిస్తాన్నాడు. లావణ్యను అడుగు, వాని పెండ్లామును. ఇప్పుడు ఏడో నెల కడుపు ఆ బిడ్డకు. నీకు షుగర్ పడిపోయి వాకిట్లో పడిపోతే నంద్యాల ఆస్పత్రికి ఎవరు తీసకపోయినారు? మోరీ కొట్లాట అయినాకే గదా అది? వాండ్లమ్మ యశోదమ్మ నీకు నాలుగు దినాలు గంజి కాసిచ్చింది. అట్లాటోని పేరు చెప్తావా నువ్వు? తొమ్మిది పేర్లు వద్దన్న దానివి, ఒక్క పేరు ఉత్తపుణ్యానికి చెప్తావా? చెప్పాకు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా, నువ్వు ఆ పని చేయాకు. నువ్వు కూడా చేస్తే ఇంక ఈ ఊర్లో మిగిలేదెవరు?

మహేష్ కాకపోతే ఎవరు అని అడుగుతాండావు.

నాకెట్ల తెలుసు అందామనుకుంటి. ఇందాక నువ్వు సంచి తగిలించుకోని దూరంగా వస్తాంటేనే అనుకుంటి, ఏమీ తెలీదని చెప్పల్ల అని.

సరే. విను. ఆ నీళ్లు తాగేసి విను.

అర్జీ పెట్టిన మూడో దినం ఎస్సై పిలిపిచ్చినాడు నన్ను. ఇప్పుడు లేడు, బదిలీ అయిపాయ. మంచాయప్పే, నన్ను కుర్చీలో కూచోబెట్టినాడు. ఆయప్పకు పైనుంచి ఫోన్లంట, ముగ్గురు ముసలోళ్లతో ఏం కేసు ఇది అని. నవ్వతా అడిగినాడు. మరికొందరు అని రాసినావు గదా స్వామీ, ఎవరు వాండ్లు, ఊరికే గాలికి రాస్తావా నువ్వు అన్నాడు.

నాకు పౌరుషమొచ్చె. గాలికి రాస్తానా నేను? ముప్పై ఎనిమిదేండ్ల నుంచి రాసేటోణ్ణి.

ప్రేమ్ సాగర్ అంటి.

నేనే. నా నోటితోనే. తండ్రి దావీదు అని కూడా నేనే చెప్తి, ఆయప్ప అడగకముందే. చదువుకున్నోడు, ఆ ఫోన్లూ వీడియోలూ అన్నీ వాడే చూసుకుంటాంటాడు అంటి. యుద్ధమప్పుడు నాతో తలతిక్కగా మాట్లాడినాడు అంటి. ఆయప్ప రాసుకున్నాడు. టీ తెప్పిచ్చినాడు. తాగి వస్తి.

ఆ ఆదివారం వాడు ఊర్లో లేడు. అది కూడా నాకు తెలుసు. ఏంజెల్ బిడ్డకు పేరు పెడతాండారని డోన్‌కు పోయినాడు. పొద్దున ఆరు గంటల బస్సుకు నేనే ఎదురు పడితి బస్టాండు కాడ, బిడ్డకు కొన్న గౌను తీసి చూపించినాడు నాకు. పచ్చది. బాగుందిరా అంటి.

ఎందుకు చెప్పినానా? నేనూ అదే అడుక్కుంటాండా అక్కా, మూడు నెలల నుంచి. కోపమా? ఉండె, రోంత ఉండె, కానీ జైలుకు పంపేంత కోపమేం కాదు అది. భయమా? ఆయప్ప భయపెట్టలే. ఎవరు అని అడిగినాడు. ఎవరు అని అడిగితే ఎవరో ఒకరి పేరు చెప్పల్ల గదా అనిపించె. తెలీదు అని చెప్పొచ్చు అనేది నాకు గుర్తుకే రాలే. ఆ మాట చెప్పింది నా బతుకులో నువ్వొక్కదానివే, నిన్ను చూసి కూడా నేర్చుకోలేకపోతి.

కొట్టు. కొట్టాలనిపిస్తే కొట్టు. అందరూ చూస్తాండారని చూడాకు.

కొట్టవా?

ఏందీ? రేపా? నంద్యాలకా?

అక్కా, రాలేను అక్కా. కోర్టులో నిలబడి ఏమని చెప్పేది? నేనే చెప్పినా, అబద్ధం చెప్పినా అని చెప్తే, బయటికొచ్చే లోపల ఆ పిలగాండ్లు ఫోన్లు పట్టుకోని ఉంటారు. గురుస్వామి అమ్ముడు పోయినాడు అంటారు. దేశద్రోహి అంటారు నన్ను. ఈ వయసులో, నన్ను! ఆ మాట ఎట్ల అంటుకుంటాదో ఎంత రుద్దినా పోదో చూసినా గదా, నేనే అంటించినా గదా. హిమజకు నంద్యాలలో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఒక ఫోనొస్తే చాలు, రేపు రావద్దు అంటారు దాన్ని. దాని సంబంధం ఒకటి మాట్లాడుతాండాం. రాలేను. నన్ను తిట్టు, మా ఇంటి ముందర మన్ను పోయి, రమ్మని మాత్రం అడగాకు.

నా పేరు రాయమంటాండావా? ఈడనే? ఈ కాగితం మీద, నా చేత్తోనా?

ఉండు.

చూడు, పెన్ను పట్టుకున్నా. పై అధికారి వారికి... విన్నపము... అది వస్తాంది. సదరు వ్యక్తి... ఆ. సదరు వ్యక్తి పేరు...

నా వల్ల కాదు అక్కా. చెయ్యి ముందుకు పోలే. ఎన్ని వేల పేర్లు రాసింటుందో ఈ చెయ్యి, దీనికి ఈ ఒక్కటి రాదు. చేతకానోణ్ణి అనుకో. పనికిమాలిన బతుకు అనుకో.

యాటికి లేస్తాండావు? కూచో. కూచో అంటాండా గదా! ఉత్త చేతుల్తో పోతే రేపు కూడా వాడు రాడు. మూడోసారి కొట్టేస్తే ఇంక అంతే. ఎవరు అన్నం పెడతాండారో, ఎట్ల పండుకుంటాండాడో. నువ్వు చూసి వచ్చినావు గదా, గడ్డం పెరిగిపోయిందంట గదా.

విను, నేను చెప్పేది రోంత విను. నా పేరు రాసినా పనికి రాదు. అనితమ్మకు కావల్సింది పాత కక్ష. నీకూ నాకూ కక్ష యాడుంది? ముప్పై ఏండ్లు అక్కా అక్కా అని తిరిగినోణ్ణి, జడ్జి నమ్మడు. మోరీ కొట్లాట అయితే నిలబడతాది. సందంతా చూసినారు, సాక్షులకు కొదవ లేదు. చొక్కా పట్టుకున్న మాట మనం రాయొద్దు, గోడ పడగొడతా అన్న మాట ఒక్కటి రాద్దాం. వాన్ని జైలుకేం పంపరు, ఊరికే పేరు వస్తాది, అంతే. లావణ్యకు తర్వాత ఏదో ఒకటి చెప్పుకుందాం.

నాకు తెలుసు వాడు కాదని. నీకూ తెలుసు ఇప్పుడు.

ఏం చేయమంటావు మరి? నీ కొడుకు రావల్లా వద్దా?

అట్ల కూచో. ఈ పక్కకు. మహేష్, తండ్రి శ్రీనివాసులు, వృత్తి సేద్యం. వయసెంత ఉంటాది వానికి?

ముప్పై ఒకటా? సరే, రాస్తాండా.